కెప్టెన్ బీఫ్‌హార్టు, అతని వ్రాయసకాడు

అమెరికా దేశపు రాక్ సంగీతము మొదట యువజనుల నృత్యవినోదమునకై వెలసినది. 1960వ దశాబ్దిలో కొందరు దానిని ప్రయోగముల మార్గమున నడపిరి. వారిలో విలక్షణుడు కెప్టెన్ బీఫ్‌హార్టు అను పేర ప్రసిద్ధికెక్కిన డాన్ వాన్ వ్లీట్. ఆయన 1941 జనవరి 15వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమునందలి గ్లెండేల్ పట్టణమున జన్మించెను. బాల్యమున శిల్పకళ యందు మక్కువ చూపెను. కుటుంబము మొహావీ ఎడారి ప్రాంతమునకు తరలగా, అచటి పాఠశాలలో ఫ్రాంక్ జప్పాతో చెలిమి కలిగెను.

ఆయన గాత్రము అపూర్వమైనది. నల్లజాతి గాయకుడగు హౌలిన్ ఉల్ఫ్ ఫక్కిలో సింహగర్జన చేసిన కంఠమే మరుక్షణమున సన్నని కీచుగొంతుగా మారుచుండెను. సోప్రానో శాక్సఫోను, బాస్ క్లారినెట్టు అను సుషిరవాద్యములను గురుముఖమున నేర్వకయే స్వేచ్ఛగా వాయించుచుండెను. 1967లో ఆయన బృందమగు మేజిక్ బ్యాండ్ తొలి రికార్డు ‘సేఫ్ యాజ్ మిల్క్’ వెలువడెను.

1969లో వచ్చిన ‘ట్రౌట్ మాస్క్ రెప్లికా’ ఆయన కీర్తికి మూలస్తంభము. రెండు రికార్డులు, 28 అంశములు, నిర్మాత జప్పా. లాస్ ఏంజిల్స్ నగరములోని ఒక ఇంట బృందమంతయు సుమారు ఎనిమిది నెలలు సాధన చేసెను. వాన్ వ్లీట్‌కు స్వరలేఖనము తెలియదు. ఆయన పియానోపై తోచినట్లు వాయించిన తునుకలను డ్రమ్ములు వాయించు జాన్ ఫ్రెంచ్ కాగితముపై కెక్కించి, ఒకదానికొకటి అతికి, తక్కిన వాద్యకారులకు నేర్పెను. అందుచేతనే స్టూడియోలో అధికభాగము వాద్యభాగములు కొలది గంటలలో ముగిసినవి. పిమ్మట వాన్ వ్లీట్, చెవులకు శ్రవణయంత్రము తగిలించుకొనక, అద్దముగుండ లీలగా వినవచ్చు ధ్వనిని బట్టియే పాడెను.

అయితే తాను ఎనిమిదిన్నర గంటలలో సర్వమును రచించితినని వాన్ వ్లీట్ చెప్పుకొనెను. తొలి ముద్రణపై ఫ్రెంచ్ పేరైనను లేదు. ఆ ఇంట అర్ధాకలితో, కఠినశాసనమునకు లోబడి బ్రదికితిమని వాద్యకారులు తరువాత వెల్లడించిరి. ముసాయిదా ఒకరిది, సంతకము వేరొకరిది యగుట కచేరీ ఉద్యోగులకు క్రొత్త కాదు. త్యాగరాజస్వామి కృతులను శిష్యులు వ్రాసియుంచినందుననే మనకు దక్కినవి. ఆ శిష్యుల పేర్లను మన సంప్రదాయము మరువలేదు. వాన్ వ్లీట్ ఊహ లేనిదే ఆ సంగీతము పుట్టదు. ఫ్రెంచ్ లేఖనము లేనిదే నిలువదు. ఒకరి ప్రతిభను మెచ్చుటకు మరియొకరి శ్రమను మరుగుపరుప నక్కరలేదు.

1982లో ‘ఐస్ క్రీమ్ ఫర్ క్రో’ అను రికార్డుతో వాన్ వ్లీట్ సంగీతమును విడిచి, చిత్రలేఖనమునకు జీవితమును అంకితము చేసెను. 2010 డిసెంబరు 17న దివంగతుడయ్యెను. మరుసటి సంవత్సరము అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయము ‘ట్రౌట్ మాస్క్ రెప్లికా’ను జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చినట్లు ప్రకటించెను.

ఫ్రెంచ్ తన అనుభవములను 2010లో పెద్ద గ్రంథముగా ప్రకటించెను. అంతకుమున్నే, 2003లో, మేజిక్ బ్యాండ్ మరల కూడినపుడు నాయకుని స్థానమున నిలిచి ఆ పాటలు పాడినది ఒకనాటి ఆ వ్రాయసకాడే.