ఒక్కని మాటయే శాసనమైనచోట

రాజ్యములను నిరంకుశముగా ఏలిన ప్రభువులను గూర్చి చరిత్రలో మనము చదివి యున్నాము. కర్మాగారములలోను అట్టి ప్రభువులు వెలసిరి. వారికి సేనలు లేవు. జీతపు పట్టీలే వారి ఆయుధములు. ఏకవ్యక్తి శాసనమున కార్యములు ఎంత వేగముగా నెరవేరునో, ఎంత వేగముగా చెడునో తెలిసికొన గోరువారికి అమెరికాలోని హెన్రీ ఫోర్డు చరిత్ర మంచి పాఠము.

ఫోర్డు 1908లో 'మోడల్ టి' అను చౌక కారును విడుదల చేసెను. 1913లో హైలాండ్ పార్కు కర్మాగారమున కదలెడు పనివరుసను నెలకొల్పెను. అంతకు మునుపు ఒక్కొక్క కారు చట్రమును కూర్చుటకు పండ్రెండు గంటలకు పైగా పట్టెడిది. తరువాత గంటన్నర చాలెను. కాని నిలిచినచోటనే నిలిచి, దినమెల్ల ఒకే మరను బిగించు పని మనుష్యునకు దుర్భరమయ్యెను. ఆ యేట పని మానిపోయినవారి సంఖ్య, ఉన్న ఉద్యోగముల సంఖ్యకు మూడు రెట్లు మించినది.

1914 జనవరిలో ఫోర్డు దినమునకు ఎనిమిది గంటల పని, అయిదు డాలర్ల వేతనము ప్రకటించెను. అది పూర్వ వేతనమునకు ఇంచుమించు రెట్టింపు. లోకము కొనియాడినది, కొనియాడదగినదే. అయితే ఆ సొమ్ము ఊరక రాలేదు. సంస్థ పరిశోధకులు కార్మికుల ఇండ్లకు పోయి, త్రాగుదురా, పొదుపు చేయుదురా, ఇల్లు శుభ్రముగా నుంచుదురా యని విచారించెడివారు. అన్నము పెట్టిన చేయియే తలుపు తట్టి లోనికి తొంగిచూచినది.

విజయము ఫోర్డును మరింత మొండివానిగా చేసెను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు! సమర్థుడైన నూడ్సెన్ 1921లో సంస్థను వీడి, అనంతరము పోటీ సంస్థలో షెవ్రొలే కార్లకు సారథి యయ్యెను. మోడల్ టి కాలము చెల్లినదని 1926లో కాంజ్లర్ అను అధికారి వినయముగా వ్రాసి యిచ్చెను. కొలది నెలలలో అతని కొలువు పోయెను. మరుసటి యేడు, కోటి యేబది లక్షలకు పైగా కార్లు తయారైన పిమ్మట, ఆ నమూనాను ఫోర్డు తానే ఆపవలసి వచ్చెను. క్రొత్తది సిద్ధముగా లేదు. నెలల తరబడి ఉత్పత్తి నిలిచి, వేలాది కార్మికుల పొయ్యిలు చల్లారినవి. యజమాని చెవి మూసికొనగా, ఆకలి కూలివానిది.

పిదప భయమే పాలన మయ్యెను. 1937 మే నెలలో రూజ్ కర్మాగారపు వంతెనపై కరపత్రములు పంచవచ్చిన కార్మిక సంఘమువారిని సంస్థ మనుష్యులు చితుకబొడిచిరి. 1941లో సమ్మె జరిగిన పిమ్మటగాని ఫోర్డు సంఘముతో ఒడంబడికకు రాలేదు. 1943లో కుమారుడు ఎడ్సెల్ మరణింపగా వృద్ధుడు మరల పగ్గములు పట్టెను. 1945లో అవి మనుమని చేతికి వచ్చెను.

ఆ అయిదు డాలర్ల నిర్ణయమును ఏ సభయు అంత త్వరగా చేసి యుండదేమో యని మాకును తోచును. కాని మంచి యాజ్ఞ యిచ్చిన నోరే చెడ్డ యాజ్ఞయు నిచ్చినది. అప్పటికి కాదనగల వారెవరును దరిని మిగులలేదు. కార్యాలయమున గాని, కుటుంబమున గాని, పెద్దరికము వహించిన మనము ఒకమారు ప్రశ్నించుకొనవలెను: మన పొరపాటును మనకు చెప్పి, మరునాడు కూడ మన యెదుట నిర్భయముగా నిలువగల వారు ఎందరున్నారు?