ఎక్స్ కిరణములు - గని కార్మికుని ఊపిరితిత్తులు

భూపాలపల్లియందలి కాకతీయ ఖని వంటి బొగ్గుగనులలో ఏండ్ల తరబడి పనిచేసిన వాని ఊపిరితిత్తులను ధూళి చెరచినదో లేదో, శరీరమును కోయకయే తెలియుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము ఒక నీడయందు దొరకినది.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గు నగరమున రాంట్‌జెన్ ఒక విద్యుత్ నాళమును నల్లని అట్టతో కప్పినను, సమీపమునందలి తెర వెలుగుట గమనించెను. స్వభావమెరుగని ఆ కిరణములకు ఎక్స్ కిరణములని పేరిడెను.

ఎముకలోని కాల్షియము పరమాణు సంఖ్య 20. మాంసమునందలి ఆక్సిజన్, కార్బనుల సంఖ్యలు 8, 6 మాత్రమే. ఈ సంఖ్య పెరిగినకొలది పదార్థము కిరణములను మిక్కిలి ఎక్కువగా హరించును. కావున చిత్రములో ఎముక తెల్లగను, గాలితో నిండిన ఊపిరితిత్తి నల్లగను కన్పట్టును.

బొగ్గు, సిలికా ధూళి చేరిన చోట గట్టి మచ్చలేర్పడును. నల్లని భాగముపై అవి తెల్లని చుక్కలుగా పొడసూపును. ఆ మచ్చలు మానవు; కాని ముందుగా గుర్తించినచో కార్మికుని ధూళికి దూరము చేయవచ్చును. అందుకే 1952 గనుల చట్టము క్రింది నియమములు ఐదేండ్లకు మించని వ్యవధిలో వైద్యపరీక్షను, అందు ఛాతీ చిత్రమును విధించినవి. పాత చిత్రముతో క్రొత్తదానిని పోల్చినపుడే మార్పు తెలియును.

నీడలో ముందువెనుకల భాగములు కలిసిపోవును. హౌన్స్‌ఫీల్డ్ అనేక కోణముల నీడలను కంప్యూటరుచే కూర్చి శరీరపు అడ్డుకోతను చూపెను. 1971 అక్టోబరు 1న లండనులో తొలి రోగి మెదడును ఇట్లు చిత్రించిరి. అదియే సి.టి. స్కాను.

అయినను చిత్రము వ్యాధిని చూపును గాని ఆపజాలదు. నీటిని చల్లి ధూళిని అణచుటయు, గాలి ధారాళముగా ఆడునట్లు చూచుటయు గనిలోపలనే జరుగవలెను.