చేతికి కట్టిన వెల: కార్మిక నష్టపరిహార చట్టం పూర్వాపరాలు

పని చేస్తూ గాయపడిన కార్మికుడు యజమాని తప్పును రుజువు చేయకుండానే పరిహారం పొందవచ్చుననే సూత్రం బ్రిటిష్ ఇండియాలో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంతో స్థిరపడింది. అంతకుముందు, 1855లో వచ్చిన 13వ చట్టం ప్రకారం ఇతరుల తప్పిదం వల్ల మరణించిన వ్యక్తి కుటుంబం సివిల్ కోర్టులో దావా వేయగలిగినా, ఆ తప్పిదాన్ని సాక్ష్యాలతో నిరూపించే భారం ఆ కుటుంబం మీదనే ఉండేది. సాక్ష్యం చెప్పగలిగినవారు సాధారణంగా అదే యజమాని దగ్గర కూలి చేసుకునే తోటివారే కాబట్టి, కోర్టు ఖర్చుకు తోడు పని పోతుందన్న భయం కూడా దారికి అడ్డుపడేది.

తప్పును నిరూపించాలన్న ఈ పట్టుదల ఇంగ్లండు న్యాయశాస్త్రం నుంచి వచ్చినది. 1837లో ప్రీస్ట్‌లీకి, ఫౌలర్‌కు మధ్య నడిచిన వ్యాజ్యంలో, మాంసం వ్యాపారి బండి అధిక బరువుకు విరిగిపోగా తొడ ఎముక విరిగిన పనివాడికి పరిహారం ఇప్పించడానికి కోర్టు నిరాకరించింది. ఆ తీర్పు నుంచి పెరిగిన ‘ఉమ్మడి ఉద్యోగ సిద్ధాంతం’, అంటే తోటి పనివాడి పొరపాటు వల్ల కలిగే ప్రమాదాన్ని కార్మికుడు పనిలో చేరేటప్పుడే అంగీకరించినట్లు భావించే వాదం, చాలాకాలం యజమానులను కాపాడింది. ఆకలి తప్ప మరో ఒప్పందం ఎరుగనివాడికి ఇటువంటి అంగీకారాన్ని అంటగట్టడం న్యాయం అనిపించుకోదు. 1884లో జర్మనీ ప్రమాద బీమాను చట్టం చేసింది. 1897లో బ్రిటిష్ పార్లమెంటు కొన్ని ప్రమాదకర పరిశ్రమల వరకు తప్పొప్పులతో సంబంధం లేని పరిహారాన్ని అంగీకరించింది.

1924 జూలై 1 నుంచి అమలైన భారత చట్టానికి ఆ బ్రిటిష్ చట్టమే నమూనా. గాయం ‘ఉద్యోగం మూలంగా, ఉద్యోగ క్రమంలో’ జరిగిన ప్రమాదం వల్ల కలిగి ఉండాలని, అంటే పనికీ ప్రమాదానికీ కార్యకారణ సంబంధంతో పాటు కాలంలోనూ స్థలంలోనూ సంబంధం ఉండాలని, దాని మూడవ సెక్షన్ నిర్దేశించింది. మద్యం మత్తులో ఉండటం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించడం వంటి మినహాయింపులను యజమానికి వదిలిపెట్టింది. ఫ్యాక్టరీలు, గనులు, రైల్వేలు, రేవులు దాని పరిధిలోకి వచ్చాయి. దేశంలో అత్యధికులైన వ్యవసాయ కూలీలు రాలేదు. సింగరేణి బొగ్గు గనులున్న నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కానందున అక్కడి గని కార్మికులకు ఇది వర్తించలేదు.

చట్టంలో అన్నిటికన్నా నిశితంగా చదవదగినది దాని మొదటి షెడ్యూలు. అది ఏ అవయవం పోతే సంపాదనా శక్తి ఎంత తగ్గినట్లు లెక్కించాలో చెప్పే పట్టిక. మోచేతి వద్ద గాని, పైన గాని కుడి చేయి తెగితే 70 శాతం, ఎడమ చేయి తెగితే 60 శాతం, ఒక కన్ను పోతే 30, బొటనవేలికి 25, చూపుడువేలికి 10, మిగతా చేతివేళ్లలో ఏ ఒక్కటి పోయినా 5 శాతం అని అందులో ఉంది. శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోవడాన్ని ‘శాశ్వత పూర్తి అశక్తత’ అంటారు. దానికి 42 నెలల వేతనం, గరిష్ఠంగా 3,500 రూపాయలు ఇవ్వవలసి ఉండేది. మరణానికి 30 నెలల వేతనం, గరిష్ఠంగా 2,500 రూపాయలు. ఈ లెక్కన నెలకు 20 రూపాయలు సంపాదించే కూలీ కుటుంబానికి అతని మరణానంతరం దక్కేది 600 రూపాయలు. అదే కూలీ కుడి చేతికి 588, ఉంగరపు వేలికి 42 రూపాయలు. బేరానికి, బెదిరింపుకు తావు లేకుండా ముందే అంకె ఖరారు చేయడం నిజంగా మేలే చేసింది. అయితే వేలు పోయిన మనిషి వడ్రంగియా, నేతగాడా, కాపలాదారా అన్న ప్రశ్న ఆ పట్టికలో ఎక్కడా లేదు.

1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో అంతర్భాగం కావడంతో, తీరాంధ్ర పల్లెలు ‘రంగం’ అని పిలుచుకున్న రంగూన్‌లో ఓడలకు సరుకు ఎత్తి దింపిన తెలుగు కూలీలకూ ఈ చట్టం వర్తించింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన ఆ కూలీలకు కంపెనీతో నేరుగా సంబంధం ఉండేది కాదు. పని ఇచ్చేదీ, కూలి పంచేదీ మేస్త్రీయే. ఇటువంటి మధ్యవర్తి వ్యవస్థకు 12వ సెక్షన్ సమాధానం చెప్పింది: తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన ప్రధాన యజమాని, ఆ కాంట్రాక్టరు మనుషులు గాయపడితే తన సొంత మనుషులకు ఇచ్చినట్లే పరిహారం చెల్లించి, తరువాత దానిని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. నేటి నిర్మాణ స్థలాల్లో గాయపడుతున్న వలస కూలీలకు సైతం ఈ సూత్రమే గట్టి ఆసరా కాబట్టి, దీనిని ప్రతి కూలీకీ తెలియజెప్పడం కార్మిక సంఘాల మొదటి బాధ్యత కావాలి.

ఎనిమిదవ, తొమ్మిదవ సెక్షన్లలో గ్రామీణ రుణాల స్వరూపం తెలిసినవారి చేతివ్రాత కనిపిస్తుంది. మరణ పరిహారాన్ని యజమాని కుటుంబం చేతిలో పెట్టినా చెల్లింపుగా పరిగణించేవారు కాదు. దానిని ఈ వివాదాల పరిష్కారానికి నియమితుడైన కమిషనర్ వద్ద జమ చేయవలసి ఉండేది, ఆయన దానిని ఆశ్రితులకు పంచేవాడు. ఆ సొమ్మును అప్పు కింద జప్తు చేయడానికి గాని, తాకట్టు పెట్టించుకోవడానికి గాని వీలుండేది కాదు.

విట్లే అధ్యక్షతన పనిచేసిన రాయల్ కమిషన్ నివేదిక తరువాత, 1933 సవరణ పరిహారానికి అర్హత రావడానికి వేచి ఉండవలసిన గడువును పది రోజుల నుంచి ఏడుకు తగ్గించింది. 1959లో అది మూడు రోజులైంది. 1962 సవరణ మొదటి షెడ్యూలును తిరగరాయడంతో కుడి ఎడమ చేతుల మధ్య తేడా పోయింది. 2009 సవరణ ‘కార్మికుడు’ స్థానంలో ‘ఉద్యోగి’ని నిలిపి, వైద్య ఖర్చు తిరిగి చెల్లించే బాధ్యతను యజమానిపై పెట్టింది.

షెడ్యూలు అడగని ప్రశ్నను న్యాయస్థానం అడిగిన సందర్భం 1975 డిసెంబరులో వచ్చింది. 1936 వరకు విశాఖపట్నం జిల్లాలో భాగమై, తరువాత ఒరిస్సాలో చేరిన జయపురంలో, 1968లో ఒక సినిమా హాలు పనిలో ఉన్న వడ్రంగి కిందపడటంతో అతని ఎడమ చేతిని తీసివేయవలసి వచ్చింది. ఇది పాక్షిక అశక్తత మాత్రమేనని యజమాని సుప్రీంకోర్టు వరకు వాదించగా, వడ్రంగం ఒంటిచేత్తో సాగే పని కాదు కాబట్టి అతని సంపాదనా శక్తి నూటికి నూరు పాళ్లూ పోయినట్లేనన్న కమిషనర్ నిర్ణయాన్ని కోర్టు సమర్థించింది. పరిహారం చెల్లించవలసిన బాధ్యత తీర్పు వెలువడిన నాటి నుంచి కాక, ప్రమాదం జరిగిన నాటి నుంచే మొదలవుతుందని కూడా తేల్చింది. అవయవం నుంచి చూపును వృత్తి వైపు మళ్లించిన ఈ తీర్పు, పరిహార చరిత్రలో శాసనసభలు చేసిన అనేక సవరణల కన్నా విలువైనది.

1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం పరిధిలోకి వచ్చిన కార్మికులు ఏకమొత్తానికి బదులు నెలనెలా భృతి పొందేవారు. వారికి 1923 చట్టం కింద వేరుగా పరిహారం కోరే వీలుండేది కాదు. పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదాల సంగతి మాత్రం చాలాకాలం కష్టంగానే మిగిలింది. సౌరాష్ట్రలోని ఉప్పు కంపెనీలో పని ముగించుకుని ఇళ్లకు మరలుతూ పడవ మునిగి చనిపోయిన కార్మికుల కేసులో, వారు ప్రజలందరూ వాడుకునే పడవ ఎక్కినందున ఉద్యోగ క్రమం అప్పటికే ముగిసిందని 1958లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. 1923 చట్టానికి బదులుగా పార్లమెంటు 2020లో ఆమోదించగా, 2025 నవంబరు 21 నుంచి అమలైన సామాజిక భద్రత కోడ్, ఇంటికీ పనిచోటికీ మధ్య రాకపోకల్లో జరిగే ప్రమాదాన్ని, దానికి ఉద్యోగంతో ఉన్న సంబంధం రుజువైనప్పుడు, పనిలో జరిగిన ప్రమాదంగానే భావించాలని నిర్దేశిస్తోంది.