కుదింపు వేరు, కత్తిరింపు వేరు

1995లో వెలువడిన విండోస్ 95ను ఫ్లాపీలపై కొన్నవారు 13 ఫ్లాపీలను ఒకదాని తరువాత నొకటిగా కంప్యూటరున కందింపవలసి యుండెను. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ ఒక్క సి.డి.లో ఇమిడినది. అయినను దాని ఫైళ్ళు ఒక్కొక్కటిగానే యంత్రములోనికి చేరెడివి.

2007లో విండోస్ విస్టాతో క్రొత్త పద్ధతి వచ్చినది. ముందే అమర్చిన సిస్టమ్‌ను యథాతథముగ ఒకే ఫైలులో భద్రపరచిరి. దీనికి ‘ఇమేజి’ యని పేరు. 2009 నాటి విండోస్ 7లో హోమ్ ప్రీమియమ్, ప్రొఫెషనల్, అల్టిమేట్ మున్నగు కూర్పులు ఒకే ఇమేజిలో ఉండెను. 32 బిట్, 64 బిట్ కూర్పులను గూడ కలిపి ఔత్సాహికులు ‘ఆల్ ఇన్ వన్’ డిస్కులను తయారుచేసిరి.

ఇన్ని కూర్పులు ఒకచోట ఎట్లు పట్టినవి? కారణములు రెండు. మొదటిది: కూర్పు లన్నిటికి సమానమైన ఫైలును ఒక్కసారి మాత్రమే దాచుదురు. ప్రతి ఫైలునకు దాని సమాచారమునుండి గణించిన, వ్రేలిముద్ర వంటి సంఖ్య యొకటి ఉండును. సంఖ్యలు సరిపోయినచో ఫైలు ఒక్కటే యని తెలియును.

రెండవది కుదింపు. జహీరాబాదు మండల గ్రామముల పట్టిక వ్రాయు గుమాస్తా, ప్రతి పంక్తిలో ‘జహీరాబాదు మండలము, సంగారెడ్డి జిల్లా’ అని వ్రాయక, రెండవ పంక్తినుండి ‘సదరు’ అని వ్రాయును. చదువువానికి ఒక్క అక్షరమైన నష్టము కాదు. 1977లో జివ్, లెంపెల్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతికి ఇదియే ప్రాణము. విండోస్ ఇమేజిలలో వాడిన ఎల్‌జడ్‌ఎక్స్ పద్ధతి దాని సంతతిలోనిదే.

అయితే పరిమాణమును తగ్గించుటకు మరియొక దారి కలదు. అది కత్తిరింపు. ఎక్స్‌పీ కాలమున ఎన్‌లైట్ వంటి సాధనములతో, అక్కరలేదని తోచిన భాగములను తొలగించి చిన్న డిస్కులు చేసెడివారు. అట్లు తొలగింపదగిన వానిలో భాషల ఫైళ్ళును ఉండెను.

ఇచ్చటనే తెలుగువారికి చిక్కు. ఎక్స్‌పీకి గౌతమి అను తెలుగు ఫాంటు ఉన్నను, మన గుణింతములు, ఒత్తులు సరిగా కూడుటకు కావలసిన ఫైళ్ళను సాధారణముగా సి.డి.నుండి విడిగా చేర్చుకొనవలసి యుండెను. విస్టా నుండియే అవి తొలుతనే అమరి వచ్చినవి. కత్తిరించిన డిస్కులో ఆ ఫైళ్ళే లేకున్నచో తెరపై అక్షరములకు బదులు ఖాళీ గడులు కనబడును. తిరిగి చేర్చుకొనుటకు ఆ డిస్కు ఉపకరింపదు.

ఎక్స్‌పీకి 2014లోను, విండోస్ 7కు 2020లోను సాధారణ రక్షణ సవరణలు నిలిచిపోయినవి. నేడవి చరిత్రలోని వస్తువులు. కాని అవి నేర్పిన పాఠము పాతబడలేదు: కుదించినది విప్పినచో మొత్తము తిరిగి వచ్చును, కత్తిరించినది రాదు. చిన్న ఫైలును చూచి మెచ్చుకొనుటకు ముందు, అది ఎట్లు చిన్నదైనదో విచారింపవలెను.