ఆల్బియన్ బండ్లు, మన ఉస్తాదులు



గచ్చిబౌలి నుండి రాయదుర్గం మీదుగా షేక్‌పేటకు పోయే రోడ్డును మనం ఇప్పటికీ పాత బొంబాయి రోడ్డు అనే అంటున్నాము. ఇప్పటి పిల్లలకు అది ఆఫీసుకు పోయే దారి, గంటల తరబడి ట్రాఫిక్కులో నిలబడే దారి, అంతే. ఆ దారికి చాలా వయసున్నది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఒకటి నేటికీ నిలిచి ఉన్నది. దూరదేశాల నుండి సరుకు తెచ్చే వర్తకులు గోలకొండ చేరేముందు అక్కడ దిగి, జంతువులకు నీళ్ళు పెట్టి, నమాజు చేసుకొని, తెల్లవారి కదిలేవారు. వర్తకుల బిడారుల కాలం పోయిన తర్వాత అదే దారిన లారీలు వచ్చినవి. ఆ లారీలు ఇంగ్లాండు, స్కాట్లాండు దేశాలవి. వాటిని నడిపిన చేతులు మాత్రం మన ఇళ్ళవి. ఆ చేతులను గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ వ్యాసము.

మొదట బండ్ల సంగతి. నిజాం ప్రభుత్వము 1930లో రైల్వేను బ్రిటిష్ కంపెనీ నుండి కొని తన చేతిలోకి తీసుకున్నది. ఆ రైల్వేలోనే ఒక శాఖగా రోడ్డు రవాణా విభాగము 1932 జూన్ 15న మొదలైనది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది, సుమారు 3 లక్షల 93 వేల రూపాయల పెట్టుబడి. రైలు పోని ఊళ్ళకు బస్సు పోవాలి, రైలుకు పోటీ కాకుండా తోడుగా ఉండాలి అన్నది ఆనాటి ఆలోచన. నేటి ఆర్టీసీకి వేరు ఇదే. ఆర్టీసీ బస్సు నంబరులో కనిపించే జెడ్ అక్షరము ఏడవ నిజాం తల్లిగారైన జహరా బేగం పేరు మీద వచ్చిందని మన పెద్దలు చెప్పేవారు.

ఆనాటి బస్సులు ఆల్బియన్ కంపెనీవి. ఈ కంపెనీ 1899లో స్కాట్లాండులోని గ్లాస్గో పట్టణములో పుట్టినది. రేడియేటరు మీద ఉదయించే సూర్యుడి గుర్తు దానికి ఆనవాలు. ఆ రోజులలో బస్సుకూ లారీకీ కింద ఉండే చట్రము, ఇంజను దాదాపు ఒక తీరుగానే ఉండేవి. పైన సీట్లు వేస్తే బస్సు, పలకలు కొడితే లారీ. అందువల్ల ఆల్బియన్ బస్సు మీద చేయి తిరిగిన డ్రైవరుకు ఏ బ్రిటిష్ లారీ అయినా కొత్త కాదు. ఆ తర్వాత లూటన్‌లో తయారైన బెడ్‌ఫర్డు వచ్చినది. ఆస్టిన్ వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిశాక మిలిటరీ వారు వదిలించుకున్న లారీలను వేలంలో కొని, రంగు మార్చి, రోడ్డు మీదకు తెచ్చినవారు దేశమంతటా ఉన్నారు. స్వాతంత్ర్యము వచ్చిన తర్వాత మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో అశోక్ మోటార్స్ వెలిసినది. మొదట ఆస్టిన్ కార్లు బిగించిన ఆ కంపెనీయే లేలాండు మోటార్స్‌తో చేయి కలిపి 1955లో అశోక్ లేలాండు అయినది. లేలాండు కామెట్ లారీ అంటే మన పెద్దలకు ఇంటి మనిషి పేరు చెప్పినట్టే. ఆ లేలాండు వారే 1951లో ఆల్బియన్‌ను కూడా కొనివేసిరి. 1972 నాటికి బండ్ల మీద ఆల్బియన్ అన్న పేరే లేకుండా పోయినది.

బస్సుల పై కట్టడము మన ఊళ్ళోనే జరిగినది. అల్లాదీన్ కంపెనీ వారు, నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధి కలిసి 1942లో స్థాపించిన ఆల్విన్ కార్ఖానాలో బస్సు బాడీలు కట్టేవారు. ఇప్పుడు కార్ఖానా లేదు గాని, మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా అన్న పేరు మిగిలినది.

ఇక నడపటం. ఇప్పటి బండిలో తాళం తిప్పితే, బొత్తాము నొక్కితే ఇంజను లేస్తుంది. అప్పుడు తెల్లవారుజామున చలిలో బండి ముందు నిలబడి ఇనుప హ్యాండిలు పెట్టి తిప్పాలి. ఉస్తాదు శాగిర్దుకు నేర్పే మొదటి పాఠము బొటనవేలిది. హ్యాండిలును పిడికిలితో చుట్టి పట్టరాదు, బొటనవేలు కూడా మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి. ఎందుకంటే ఇంజను ఒక్కొక్కసారి వెనక్కి తన్నుతుంది. వేలు చుట్టి ఉంటే మణికట్టు విరుగుతుంది. గేరు మార్చటము ఇంకొక విద్య. క్లచ్చి తొక్కి గేరు విడిపించాలి, క్లచ్చి వదలాలి, ఇంజను చప్పుడు విని మళ్ళీ తొక్కి గేరు వేయాలి. చెవి తప్పితే గేరు పళ్ళు కరకరలాడతాయి. ఘాటు దిగేటప్పుడు బ్రేకును నమ్మరాదు, ఎక్కిన గేరులోనే దిగాలి అన్నది ఉస్తాదుల మాట. ఈ చదువుకు పుస్తకము లేదు. ముందు క్లీనరుగా చేరి, పానాలు అందించి, రేడియేటరులో నీళ్ళు పోసి, చక్రము కింద రాయి పెట్టి, కమాను పట్టీలకు గ్రీజు పూసి, ఏళ్ళ తరబడి పక్కన కూర్చుంటే గాని స్టీరింగు చేతికి వచ్చేది కాదు.

యుద్ధకాలములో పెట్రోలు రేషను అయినప్పుడు బండి వెనుక బొగ్గు పొయ్యి వంటిది బిగించి, ఆ గ్యాసుతో నడిపారు. వాటిని బొగ్గు బస్సులనేవారు. బయలుదేరే ముందు చాలాసేపు పొయ్యి రాజేయాలి. బండికి బలము చాలదు. గట్టు వస్తే ప్రయాణికులు దిగి నడిచిన రోజులున్నవి. ఇంటికి వచ్చేసరికి డ్రైవరు ముఖము మసి కొట్టుకొని ఉండేది.

ప్రయాణములో మన డ్రైవర్లు దీన్‌ను వదలలేదు. ముసాఫిరుకు నాలుగు రకాతుల ఫర్జ్ రెండే అని షరీఅత్ ఇచ్చిన సౌకర్యము వారికి కంఠస్థము. లారీ నీడలో తువ్వాలు పరచి కసర్ నమాజు చేసుకొనేవారు. వారి క్లీనర్లలో తెలుగు పిల్లలు, మరాఠీ పిల్లలు ఉండేవారు. ఆ పిల్లలు ఉర్దూ నేర్చుకున్నారు, మనవారు వారి భాష నేర్చుకున్నారు. పల్లెల్లో జనము వారిని సాయిబన్నా అని పిలిచేవారు. ఎవరి ఇంట్లో కాన్పు కష్టమైనా, పామొకటి కరిచినా అర్ధరాత్రి తలుపు తట్టేది లారీ సాయిబు ఇంటిదే. డబ్బు మాట తర్వాత.

1948 సెప్టెంబరు తర్వాత రోజులు మన కుటుంబాలకు కష్టకాలము. సర్కారు నౌకరీలు పోయిన ఇళ్ళెన్నో. చదువు సర్టిఫికెట్లు అక్కరకు రాని ఆ రోజులలో జేబులో డ్రైవింగు లైసెన్సు ఉన్నవాని ఇంట్లో మాత్రము పొయ్యి వెలిగిందని మా పెద్దలు చెప్పగా విన్నాము. రోడ్డు రవాణా విభాగము 1951 నవంబరు 1న రైల్వే నుండి విడిపోయి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము కిందికి వచ్చినది. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడినది. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టము వచ్చి, రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పని వేళలు నిర్ణయించినది. అంతకు ముందు బండి ఎప్పుడు చేరితే అప్పుడే డ్యూటీ దిగటం.

మన మాదాపూర్, కొండాపూర్, నానక్‌రాంగూడ పక్కల అప్పుడు ఉన్నవి గుండ్లు, బంజరు, చెరువులు. లారీలు ఇక్కడికి రాయి కోసము, మొరము కోసము వచ్చేవి. ఆ గుండ్లున్న నేల మీదనే 1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. తర్వాతి కథ మీ అందరికీ తెలిసినదే. 2019లో మెట్రో కూడా వచ్చినది. ఇప్పుడు మన పిల్లలలో కొందరు ఆ అద్దాల భవనాల లోపల కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. కొందరు అవే భవనాల బయట క్యాబులలో కూర్చొని, ఫోను ఎప్పుడు మోగుతుందా అని చూస్తున్నారు. ఇద్దరి తాతలూ ఒకే లారీలో పోయినవారు కావచ్చు.

ఇక్కడ మనసుకు బాధ కలిగిన ఒక విషయము చెప్పాలి. ఒక పెళ్ళి మాటల్లో మేము కూర్చున్నాము. పిల్లవాని బయోడేటాలో తాతగారి వృత్తి అన్న చోట బిజినెస్ అని రాశారు. ఆ తాతగారు నలభై ఏళ్ళు లారీ నడిపినారని మాకు తెలుసు. ఎందుకు అలా రాశారని తర్వాత మెల్లగా అడిగితే, డ్రైవరు అంటే చులకన చేస్తారేమోనని భయపడ్డాము భాయ్ అన్నారు. మేమేమీ అనలేకపోయాము. తప్పు వారొక్కరిది కాదు. ఆ తాతగారు ఉన్నన్నాళ్ళు ఆయన పక్కన కూర్చొని, ఏయే దారుల్లో తిరిగారు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు అని మేమూ అడగలేదు. ఆయన జనాజా ఎత్తిన తర్వాత గుర్తుకు వచ్చినది. ఏం లాభం?

నిజాం కాలపు ఆల్బియన్ బస్సు ఒకదానిని ఆర్టీసీ వారు భద్రముగా కాపాడినారు. మంచి పని. దానిని చూడటానికి పిల్లలను తీసుకొని పోయినప్పుడు ఒక చిన్న పిల్ల, దీన్ని ఎవరు నడిపారు అని అడిగినది. మా దగ్గర జవాబు లేదు. తయారుచేసిన కంపెనీ పేరు తెలుసు, ఊరు తెలుసు, సంవత్సరము తెలుసు. మొదటి 27 బస్సులు ఎన్నో చెప్పగలము, వాటిని నడిపిన ఒక్క డ్రైవరు పేరు చెప్పలేకపోయాము. బండికి ఉన్న గౌరవము మనిషికి లేకపోవటము మంచిది కాదు.

అందుకని సభ్యులందరికీ ఒక మనవి. మీ ఇంట్లో పాత పెట్టె తెరవండి. తాతగారి లైసెన్సు పుస్తకము, ఇత్తడి బిళ్ళ, లారీ పక్కన నిలబడి దిగిన ఫోటో, పాత పర్మిట్టు, ఏది ఉన్నా పాత సామాన్ల వానికి వేయకండి. సంఘానికి చూపించండి, నకలు తీసుకొని తిరిగి ఇస్తాము. కాగితము ఏదీ లేకపోతే పేరు చెప్పండి, ఉస్తాదు పేరు చెప్పండి, నడిచిన దారి చెప్పండి. ఒక రిజిస్టరు పెట్టి రాసుకుంటాము. నేటి క్యాబు డ్రైవర్ల పేర్లు కూడా అందులోనే, అదే వరుసలో వస్తాయి. ఎందుకంటే వారు చేస్తున్నది అదే పని, అదే హలాల్ రోజీ. వారికి కష్టమొచ్చినప్పుడు, పిల్లల ఫీజు కట్టలేనప్పుడు మన సంఘము మొదట తలుపు తట్టవలసినది వారిదే. ఒకనాడు ఊరివారి కోసము అర్ధరాత్రి లేచి బండి తీసినవారి వారసులు వారు.

రోడ్ల మీద ఆయుష్షు ఖర్చు చేసి, మనలను ఇంతవరకు చేర్చి, తాము గమ్యము చేరిన ఆ ముసాఫిర్లందరినీ అల్లాహ్ క్షమించి, జన్నతులో చోటు ప్రసాదించుగాక. ఈ రాత్రి కూడా స్టీరింగు పట్టుకొని ఉన్న మన పిల్లలను క్షేమముగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.