ప్రతి, సరిచూపు, పునరుద్ధరణ: తాళపత్రము నుండి డిస్కుల వరుస వరకు

గోదావరీ తీరమందలి నాందేడు ప్రాంతమున తెలుగు మాటలాడువారు తరతరములుగా నివసించుచున్నారు. 1956 నవంబరు 1వ తేదీకి ముందు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ దినమున ఇది బొంబాయి రాష్ట్రమున చేరినది. 1960 మే 1వ తేదీన మహారాష్ట్రములోనిదైనది. 1956 నాటి సరిహద్దు మార్పులలోనే బాసర క్షేత్రము గల ముధోలు తాలూకా నాందేడు జిల్లానుండి ఆదిలాబాదు జిల్లాకు పోయినది. ఆదిలాబాదులోని కిన్వట్టు తాలూకా నాందేడునకు వచ్చినది. మనుష్యులు ఉన్నచోటనే యుండిరి, జిల్లాలు మారినవి. నిజాము కాలపు పరిపాలనా పత్రములను చూడగోరువారు నేటికిని హైదరాబాదునకు పోవలసి యున్నది. ఆ పత్రములకు ప్రభుత్వ భాండాగారమైనను కలదు. మన ఇండ్లలోని పెండ్లి శుభలేఖలు, నాటకముల కరపత్రములు, బడి రిజిష్టర్లు, చేవ్రాత పత్రికలు, నేతవారి లెక్క పుస్తకములు ఎవరి భాండాగారమున నున్నవి? ఒక బీరువాలో ఒకే ప్రతిగా నున్నవి. ఇటీవల కొన్ని చోట్ల వానికి ఛాయాప్రతులు తీసి కంప్యూటరులో దాచుచున్నారు. దాచినంతమాత్రమున అవి నిలుచునా యనునదే ఈ వ్యాసమునకు విషయము.

ఈ వ్యాసకర్త అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు బోధించువాడే గాని యంత్రశాస్త్రజ్ఞుడు కాడు. కాని గ్రంథములు నిలిచిన తీరును, నశించిన తీరును తెలిసికొనుట భాషోపాధ్యాయుని వృత్తిలోని భాగము. ఆ దృష్టితో చూచినచో నేటి డిస్కుల వరుసలు మన పూర్వులకు తెలియని సంగతి కాదని తోచును.

పూర్వుల పద్ధతి

తాటియాకుపై ఘంటముతో గీసి మసి పూసిన వ్రాత మన తేమ దేశములో చిరకాలము నిలువదు. పురుగు తొలుచును, అంచులు విరుగును. అందుచే గ్రంథము నిలుచుటకు మూడు పనులు అవసరమైనవి. మొదటిది ప్రతి: ఒక తాళపత్రమునకు మరియొకటి వ్రాసి వేరొక చోట నుంచుట. రెండవది సరిచూపు: వ్రాతలో తప్పు దొర్లినను, అక్షరము పోయినను తెలియజేయు ఏర్పాటు. మూడవది పునరుద్ధరణ: ఆకు పూర్తిగా శిథిలము కాకముందే క్రొత్త ఆకుపైకి ఎక్కించుట.

రెండవ పనికి మనవారు చేసిన ఏర్పాటు ఆశ్చర్యకరము. వేదాధ్యయనములో క్రమపాఠమున మొదటి పదమును రెండవదానితోను, రెండవదానిని మూడవదానితోను కలిపి చదువుదురు. జట, ఘన పాఠములలో ఈ ఆవృత్తి ఇంకను హెచ్చు. ఒక పదము జారిన యెడల దాని ప్రక్క పదమే పట్టియిచ్చును. మన ఛందస్సునందును ఇట్టి గుణమే కలదు. ఉత్పలమాలలో పాదమునకు ఇరువది అక్షరములు. పదియవ అక్షరమున యతి. నాలుగు పాదములకును రెండవ అక్షరమున ప్రాస. ఒక పాదములోని ప్రాసాక్షరమును పురుగు తిన్నను, తక్కిన మూడు పాదములు అచ్చట ఏ హల్లు ఉండవలెనో చెప్పును. పదియవ అక్షరము పోయినచో పాదము మొదటి అక్షరము దాని జాతిని సూచించును. పద్యమునకు ఇది అలంకారము మాత్రమే కాదు, కావలి కూడ.

మొదటి పనికిని మూడవ పనికిని చరిత్రలో గొప్ప సాక్షి చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884). 1820లో కడపకు వచ్చిన ఈ దొర ఒకే కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులకు జీతములిచ్చి, ఒకదానితో నొకటి పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన వేమన పద్యములు 1829లో అచ్చైనవి. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. ఆయన సేకరించిన వ్రాతప్రతులు నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున నున్నవి. ఒక ప్రతిలో చెడిన పాఠము మరియొక ప్రతివలన దొరకినది. ఆకులు పూర్తిగా రాలిపోకముందే ఒకడు పూనుకొన్నందున మనకు ఆ గ్రంథములు మిగిలినవి.

డిస్కుల వరుస

హైదరాబాదు రాష్ట్రము విడిపోయిన 1956వ సంవత్సరముననే, సెప్టెంబరు నెలలో, అమెరికాలోని ఐ.బి.యం. సంస్థ డిస్కుతో కూడిన మొదటి నిల్వ యంత్రమును ప్రకటించెను. ఇరువది నాలుగు అంగుళముల వ్యాసముగల ఏబది పళ్లెములు ఒక ఇరుసుపై తిరుగునట్లు అమర్చి, వానిపై సుమారు ఏబది లక్షల అక్షరములు దాచిరి. ఈనాటి అరచేతి డిస్కు దానికంటె ఎన్నియో లక్షల రెట్లు దాచును. కాని తిరుగునది యేదైనను ఒకనాడు ఆగును. డిస్కు కూడ తాటియాకువలె నశ్వరమే.

1978లో ఐ.బి.యం.కు చెందిన నార్మన్ కెన్ ఔచి చెడిన నిల్వభాగములోని సమాచారమును తక్కిన భాగములనుండి తిరిగి పొందు విధానమునకు పేటెంటు పొందెను. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను మువ్వురు ఒక పత్రము ప్రకటించి, ఈ పద్ధతికి రెయిడ్ అను పేరు పెట్టిరి. పెద్ద ఖరీదైన డిస్కు ఒక్కటి కొనుటకంటె చిన్న చవుక డిస్కులు అనేకము వరుసగా చేర్చుట మేలని వారి వాదము. అందలి చిక్కును కూడ వారే లెక్కకట్టిరి. ఒక డిస్కు సగటున 30,000 గంటలు పనిచేయునను కొన్నచో, నూరు డిస్కుల వరుసలో ఏదో ఒకటి సగటున 300 గంటలకే చెడును. అనగా పదమూడు దినములు కూడ నిండవు. కావున తోడు ప్రతియో సరిచూపు లెక్కయో లేనిదే వరుస నిలువదు.

వారు చెప్పిన అంతస్తులలో రెండింటిని మనము తెలిసికొన్న చాలును. మొదటి అంతస్తున రెండు డిస్కులు ఒకే వ్రాతను మోయును. ఇది జంట ప్రతి. అయిదవ అంతస్తున ప్రతి యుండదు, సరిచూపు లెక్క యుండును. కంప్యూటరు వ్రాతయంతయు ఒకట్లు, సున్నలే గదా. మూడు డిస్కులపై వరుసగా 1, 0, 1 ఉన్నవనుకొందము. ఒకట్ల సంఖ్య సరియగునట్లు నాలుగవ డిస్కుపై 0 వ్రాయుదురు. రెండవ డిస్కు చెడినచో మిగిలినవి 1, 1, 0. ఒకట్లు సరిగానే యున్నవి గనుక పోయినది 0 అని తేలును. ప్రాస హల్లును మాత్రమే చెప్పును. ఈ లెక్క అక్షరమును యథాతథముగా తెచ్చి యిచ్చును. కాని దీనికి ఒక హద్దు కలదు. ఒక డిస్కు పోయినచో చెప్పగలదు. రెండు పోయినచో చెప్పజాలదు. రెండు పోయినను నిలుచుటకై తరువాత ఆరవ అంతస్తు ఏర్పడినది.

కంట్రోలరు, ఆజ్ఞలు

ఈ లెక్కలన్నియు చేయుటకు ప్రత్యేకముగా నిర్మించిన కార్డునకు కంట్రోలరు అని పేరు. దీనిపై స్వంత ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, విద్యుత్తు పోయినను వ్రాయవలసినది చెదరకుండ కాచు బ్యాటరీ ఉండును. వీనిలో పేరుగాంచిన మెగారెయిడ్ చరిత్ర గమనింపదగినది. 1985లో సుబ్రమణ్యన్ శంకర్ ప్రభృతులు అమెరికాలోని జార్జియా రాష్ట్రమున స్థాపించిన అమెరికన్ మెగాట్రెండ్స్ సంస్థ దానిని రూపొందించెను. 2001లో అది ఎల్.ఎస్.ఐ. సంస్థకు, 2014లో అవాగో సంస్థకు చేరినది. 2016లో అవాగో బ్రాడ్‌కామ్‌ను కొని ఆ పేరే తాను పెట్టుకొన్నది. ఆజ్ఞలిచ్చు ప్రోగ్రాము కూడ మెగాసీఎల్‌ఐ యనునది పోయి స్టోర్‌సీఎల్‌ఐ యైనది. లిపి మారినపుడు పాత లిపి చదువువాడు ఎట్లు అవసరమో, యంత్రము పాతబడినపుడు దాని ఆజ్ఞలు తెలిసినవాడును అట్లే అవసరము.

బొమ్మల తెరపై మీటలు నొక్కుటకు మారుగా ఆజ్ఞలను అక్షరములతో టైపు చేయుట యెందులకని కొందరడుగుదురు. సర్వరునకు తరచుగా తెరయే యుండదు. కంట్రోలరు స్వంత పట్టికను చూడవలెనన్న యంత్రమును ఆపి మరల నడుపవలెను. ఆజ్ఞయో, యంత్రము నడచుచుండగనే, దూరమునుండియైనను ఇయ్యవచ్చును. ఇచ్చిన ఆజ్ఞయు, వచ్చిన జవాబును వ్రాతరూపమున మిగులును. పిమ్మట వచ్చినవాడు చదివి తెలిసికొనును.

చెడిన డిస్కును మార్చు క్రమమిది. మొదట, స్థితి చూపుమని కంట్రోలరు నడుగవలెను. వరుస బాగుగా నున్నచో ఆప్టిమల్ అనియు, ఒక డిస్కు పోయి రక్షణ లేక నడచుచున్నచో డిగ్రేడెడ్ అనియు చెప్పును. డిగ్రేడెడ్ అనగా పని జరుగుచున్నదని అర్థము. క్షేమమని అర్థము కాదు. రెండవది, చెడినది ఏ పెట్టెలో ఏ గదిలో నున్నదో చదివి, దాని క్రమసంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను. మూడవది, ఆ గది దీపమును మినుకుమనిపించు ఆజ్ఞ నిచ్చి, కంటితో చూచి రూఢి చేసికొనవలెను. నాలుగవది, డిస్కు ఇంకను కొనయూపిరితో తిరుగుచున్నచో దానిని ఆఫ్‌లైను చేసి, లేనిదిగా గుర్తించి, తిరుగుట ఆపించి, పిదప బయటికి లాగవలెను. అయిదవది, అంతే పరిమాణమో అంతకు మించినదో, అదే జాతి డిస్కును అమర్చవలెను. సాధారణముగా కంట్రోలరు తానే పునర్నిర్మాణమునకు పూనుకొనును. ఎంత పూర్తియైనదో నూటి లెక్కన అడిగి తెలిసికొనవచ్చును.

ఇందు రెండు ప్రమాదములు కలవు. చెడినదానికి బదులు మంచిదానిని లాగుట మొదటిది. అయిదవ అంతస్తున అప్పటికే ఒకటి పోయియున్నది గనుక ఆ క్షణముననే వరుస కూలును. పునర్నిర్మాణ కాలము రెండవది. పోయినదానిని లెక్కకట్టుటకై తక్కిన డిస్కులనన్నిటిని ఆసాంతము చదువవలెను. పెద్ద డిస్కులకు ఇది గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి సాగును. సామాన్యపు డిస్కులకు చదువలేని తప్పు సుమారు పన్నెండున్నర టెరాబైట్లకు ఒకటి రావచ్చునని తయారుదారులే వ్రాయుదురు. ఎప్పుడో వ్రాసి మరల తెరువని భాగమున దాగిన తప్పు ఆ గంటలలోనే బయటపడును. అందులకే వరుస ఆరోగ్యముగా నున్నపుడే అప్పుడప్పుడు అంతయు చదివించు సరిచూపు ఆజ్ఞ నియమించిరి. పురుగు పట్టకముందే తాళపత్రములను విప్పి నూనె రాచుటవంటిదే యిది.

ఒక అనుభవము

ఇట్లు వ్రాయుటకు కారణమొకటి కలదు. నేను కొంత పనిచేసిన ఒక చిన్న సంస్థలో మనవారి ఇండ్లనుండి తెచ్చిన కరపత్రములు, చేవ్రాత పత్రికలు, ఫొటోలు రెండేండ్లపాటు ఛాయలు తీసి, నాలుగు డిస్కుల అయిదవ అంతస్తు వరుసలో దాచితిమి. ఒకనాడు పెట్టె కీచుమని అరవసాగినది. తరగతులకు ఇబ్బందిగా నున్నదని ఎవరో ఆ ధ్వనిని ఆపించిరి. పని నడచుచునే యున్నది గనుక ఎవరును స్థితి అడుగలేదు, నేనును అడుగలేదు. నాలుగు నెలల పిమ్మట రెండవ డిస్కు పోయినది. ఒక సహోపాధ్యాయుడు తన ఇంట వేరొక డిస్కులో కాపీ చేసికొన్న భాగము, సుమారు సగము, మిగిలినది. తక్కినదానికై ఆ ఇండ్లకు మరల పోయితిమి. కొన్ని ఇండ్లలో, ఛాయలు తీసిరి గదా యని అసలు కాగితములు పారవేసిరి. ఒక వృద్ధురాలు, తన భర్త వేసిన నాటకపు కరపత్రము మాకే యిచ్చితిననియు, మా యొద్దనే యుండవలెననియు పలుమారులు చెప్పినది. ఆమెకు చెప్పుటకు మాకు జవాబు లేకపోయినది.

యంత్రము తన ధర్మము తాను నెరవేర్చినది: మొదటి డిస్కు పోయినపుడు నిలిచినది, అరచి చెప్పినది, నాలుగు నెలల గడువిచ్చినది. ఆ గడువును మేము వినియోగించుకొనలేదు.

వరుస వేరు, ప్రతి వేరు

మరియొక భ్రమ కూడ తొలగవలెను. డిస్కుల వరుస ఎంత గట్టిదైనను అది ఒకే చోటనున్న ఒకే ప్రతి. పొరపాటున ఒక దస్త్రమును చెరిపినచో అన్ని డిస్కులనుండియు ఏకకాలమున చెరిగిపోవును. వరద వచ్చినను, దొంగ వచ్చినను అన్నియు ఒక్కసారిగా పోవును. వేరొక ఊరిలోని ప్రతియే నిజమైన ప్రతి.

దీనికి మన కాలపు దృష్టాంతము కలదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారమందిన రాజ్ రెడ్డిగారి ప్రేరణతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము, భారతదేశములోని సంస్థలు కలిసి పది లక్షల గ్రంథముల పథకమును నడపినవి. దాని భారత శాఖయైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేలకొలది పాత తెలుగు పుస్తకములు ఛాయారూపమున లభ్యమైనవి. కొన్నేండ్లకు ఆ వెబ్‌సైటు తెరచుకొనుట మానినది. అప్పటికే ఆ పుస్తకముల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను వేరొక సంస్థకు చేరియుండుటచే నేటికిని మనము వానిని చదువుచున్నాము.

కాబట్టి ప్రతియు సరిచూపును యంత్రమునకు అప్పగింపవచ్చును. వానిని మనకంటె బాగుగా చేయును. వేళకు పునరుద్ధరించుట మాత్రము నేటికిని మనిషి పనియే. మన సంఘములు, పాఠశాలలు ఛాయలు తీయించునపుడు నాలుగు సంగతులు పాటింపవలెనని నా మనవి: వారమునకొకసారి స్థితి యడిగి పుస్తకమున వ్రాయు బాధ్యత ఒకరిపేర నుంచుట, ఒక క్రొత్త డిస్కు ముందే కొని బీరువాలో నుంచుట, మరియొక ఊరిలో మరియొక ప్రతి నుంచుట, అసలు కాగితములను ఎన్నడును పారవేయకుండుట.

బ్రౌను దొర వేతనమిచ్చి పండితులను నియమించెను. మనకు వారమునకు పది నిమిషముల శ్రద్ధ చాలును. ఆపాటి శ్రద్ధ లేనిచో నాందేడు తెలుగువారు ఇచ్చట ఏమి చదివిరో, ఏమి ఆడిరో, ఏమి పాడిరో చెప్పు సాక్ష్యము రానున్న తరమునకు మిగులదు.