టిన్స్‌లీ గ్రీన్‌లో పందెం గోళీలు

మా బావ ముక్కు కొనకు గోళీ ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా అవతలి జట్టు పెద్దాయన, డెబ్భై దాటిన ఇంగ్లీషాయన, ఆయనా అదే భంగిమ. ఇద్దరూ నడుం వంచి కిందికి చూస్తున్నారు. రెఫరీ సైగ చెయ్యగానే వదలాలి. ఎవరి గోళీ గీతకు దగ్గరగా ఆగితే వాళ్లది మొదటి చెయ్యి.

"తుమ్మొస్తాదేటో బావా, చూసుకో" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో" అన్నాడు ముక్కు కదలకుండా.

రెండు గోళీలూ పడ్డాయి. పెద్దాయనది గీత మీదే ఆగింది. బావది ఇంకాస్త దొర్లి, ఆలోచించుకుని, మరికాస్త దొర్లింది. చుట్టూ మూగిన జనం చప్పట్లు కొట్టారు, ఎవరికోసమో తెలీలేదు.

2025 ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే. లండన్‌కి దక్షిణాన, గాట్విక్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉండే టిన్స్‌లీ గ్రీన్‌లో ఉన్నాం. ఇక్కడి గ్రేహౌండ్ పబ్బు దగ్గర 1932 నుంచి గుడ్ ఫ్రైడే నాడు గోళీల పోటీ పెడుతున్నారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు బ్రిటిష్ అండ్ వరల్డ్ మార్బుల్స్ చాంపియన్‌షిప్. పేరు విని ఏదో స్టేడియం ఊహించుకుంటే మోసపోతారు. పబ్బు వాకిలి, బీరు గ్లాసులు పట్టుకున్న మనుషులు, కాళ్లకు మువ్వలు కట్టుకుని చేతిరుమాళ్లు ఊపుతూ గెంతే మోరిస్ నాట్యం వాళ్లు, నెత్తి మీద కాసేపటికొక విమానం. చలి. ఏప్రిల్ నెల అంటే మాకు వేసవి కింద లెక్క, ఇక్కడ వేళ్లు కొయ్యబారి ఉన్నాయి.

పేర్లు రాసుకునే బల్ల దగ్గర జట్టు పేరేమిటని అడిగితే బావ మా ఊరి పేరే, 'కూర్మన్నపాలెం' అన్నాడు. రాసుకునేవాడు పెన్ను ఎత్తి పట్టుకుని మళ్లీ చెప్పమన్నాడు. బావ ఒక్కో అక్షరం చెప్పేసరికి వెనక వరస పెరిగింది. చుట్టుపక్కల జట్ల పేర్లు మాకంటే ఏం తక్కువ తినలేదు. ఈ పోటీ చరిత్రలో బ్లాక్ డాగ్ బూజర్స్ ఉన్నారు, యార్క్‌షైర్ మెడ్స్ ఉన్నారు. 2000 తర్వాత జర్మనీ నుంచి, గనుల సీమ ఎర్ట్స్‌గెబిర్గె నుంచి వచ్చిన జట్టు ఇంగ్లీషువాళ్ల సొంత పెరట్లోనే కప్పు పట్టుకుపోయింది, అదీ ఒకసారి కాదు.

జట్టుకి ఆరుగురు కావాలి. బావ, నేను, బావ ఆఫీసులో పనిచేసే గాజువాక కుర్రాడు, గుంటూరు నుంచి చదువుకోడానికొచ్చిన ఒకడు, మా వీధిలో ఉండే పంజాబీ అంకుల్, అనకాపల్లి అమ్మాయి ఒకతె. ఆవిడ నర్సు. నైట్ డ్యూటీ దిగి తిన్నగా ఇటే వచ్చింది. "మా తమ్ముళ్ల గోళీలన్నీ నా రిబ్బన్ల డబ్బాలోనే ఉండేవన్నయ్యా" అని బస్సులోనే చెప్పింది. మేం నమ్మలేదు.

తిన్నె గురించి చెప్పాలి. నేలకు కొంచెం ఎత్తులో, ఆరడుగుల అడ్డంతో గుండ్రటి కాంక్రీటు తిన్నె. పైన సన్నటి ఇసుక పరిచి, చదును చేసి ఉంచారు. నడిమధ్యన 49 చిన్న గోళీలు ఒకదాన్నొకటి ఒరుసుకుని గుత్తంగా కూర్చున్నాయి. మన చేతిలో ఉండేది కాస్త పెద్దది, ముప్పావు అంగుళం, టాలీ అంటారు. దాంతో కొట్టి తిన్నె మీంచి కిందికి దొర్లించిన ప్రతి గోళీకీ ఒక పాయింటు. ముందుగా 25 దొర్లించిన జట్టుది గెలుపు.

"ఇసకేరా! అప్పికొండలో లేనిదా మనకి" అన్నాడు బావ ఇసుక చూసి.

అప్పికొండ మాకు సముద్రం. విశాఖ స్టీల్ ప్లాంటు వెనకాల. మా ఆట మాత్రం అక్కడ కాదు. కూర్మన్నపాలెం జంక్షన్‌లో ప్లాంటు ఆర్చి ఉంటుంది కదా, దానికి ఇవతల, వడ్లపూడి పోయే వైపు, లారీలు తొక్కి తొక్కి గట్టిపడిన ఎర్రమట్టి. బావ వాళ్లది ప్లాంటు కోసం ఖాళీ చేసిన ఊళ్లలో ఒకటి. నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు మీద వాళ్ల నాన్నకి లోపల ఉద్యోగం వచ్చింది, కుటుంబం కాలనీలోకి మారింది. నిర్వాసితుల పిల్లలు, క్వార్టర్ల పిల్లలు, హైవే మీద కొట్లున్నవాళ్ల పిల్లలు, అందరం ఆ మట్టి మీదే కొట్టుకుచచ్చేవాళ్లం. షిఫ్టు బస్సులు ఆర్చి దాటేవేళకి ఇళ్లలోంచి పిలుపులు మొదలయ్యేవి. ఒక్కడు కదిలేవాడు కాదు, ఎందుకంటే జేబులో ఉన్న గోళీలు పోగొట్టుకున్నవాడు మళ్లీ గెలుచుకునేదాకా లేవడు, గెలిచినవాణ్ణి లేవనివ్వడు.

మాలో కొందరికి బేరింగు గోళీలుండేవి. ఆటోనగర్ షెడ్లలో లారీల బేరింగులు విప్పితే రాలే ఉక్కు గుళ్లు. అది తగిలితే గాజు గోళీ పెంకులు లేచిపోయేది. ప్లాంటు పక్కన పుట్టినవాళ్లం, మాకు ఉక్కు హక్కు అని వాదించేవాళ్లం కూడా. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న అసలు నినాదం కోసం 1966లో మనుషులు ప్రాణాలిచ్చారని అప్పటికి మాకు తెలీదు. మిగతావాళ్లు బేరింగు గోళీని ఆటలోంచి వెలేశారు. టిన్స్‌లీ గ్రీన్‌లోనూ లోహానికి ప్రవేశం లేదు. గాజో పింగాణీయో కావాలి. ఈ ఒక్క విషయంలో రెండు ఊళ్ల పెద్దమనుషులూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

నా చేతిలో ఉన్నది సోడా గోళీ. మా అమ్మ పాత డబ్బాలో దొరికితే పోయినసారి పట్టుకొచ్చాను. లేత ఆకుపచ్చ, లోపల ఒక చిన్న గాలిబుడగ, ఒక పక్క అరిగి మసకబారింది. గోళీ సోడా సీసా కనిపెట్టిన హైరమ్ కాడ్ ఇంగ్లీషువాడే, 1872లో పేటెంటు తీసుకున్నాడు. సీసాలో గ్యాసు ఒత్తిడికి గోళీ పైకి తన్ని మూతిని మూసేస్తుంది, అంతే కిటుకు. ఆ సీసా వాళ్ల దేశంలో ఎప్పుడో మూలపడింది, మన బళ్ల మీద ఇంకా కుయ్యిమంటోంది. సీసా పగిలితే గోళీ ఎవరిదన్న తగువు మీద మా ఊళ్లో స్నేహాలు పోయాయి.

మొదటి చెయ్యి పెద్దాయనది. వంగడానికి సమయం తీసుకున్నాడు. మోకాలి కింద ఒక మెత్త పెట్టుకున్నాడు. పిడికిలి ఇసుక మీదికి దించి, చూపుడువేలి మడతలో టాలీ ఉంచి, బొటనవేలితో కొట్టాడు. చప్పుడు మాత్రం టక్కున వినపడింది. గుత్తి విచ్చుకుని రెండు గోళీలు అంచు దాటి పడ్డాయి. టాలీ తిన్నె మీదే ఆగింది కాబట్టి మళ్లీ ఆయనే, అది ఆగిన చోటినుంచే. మరొకటి. మరొకటి. నాలుగో దెబ్బ తప్పింది. లేచి, ఏమీ ఎరగనట్టు గ్లాసు అందుకున్నాడు.

తర్వాత బావ. అలవాటుగా ఎడమ బొటనవేలు ఇసుకలో నాటాడు, నడివేలి కొనకు టాలీ ఆనించాడు, కుడిచేత్తో ఆ వేలిని వెనక్కి లాగాడు. మనకి గోళీ కొట్టడమంటే ఇదే. విల్లులా ఒంగిన నడివేలు ఒక్కసారి విడిస్తే గోళీ గాల్లో లేచి వెళ్లి ఎదుటిదాని నెత్తిన పడాలి. రెఫరీ చెయ్యి అడ్డం పెట్టాడు. ఒకే చెయ్యి, కనీసం ఒక వేలి కణుపు నేలకు తగిలి ఉండాలి, బొటనవేలితోనే కొట్టాలి, కొట్టేటప్పుడు చెయ్యి ముందుకు జరగకూడదు. ఇవన్నీ మాకు తెలుసు. రాత్రిళ్లు కార్పెట్ మీద సాధన చేశాం కూడా. కానీ పందెంలో నిలబడగానే వేళ్లు వాటి ఊరికి అవి వెళ్లిపోయాయి.

కణుపు నేలకు ఆనించడమంటే మాకింకో అర్థం ఉంది. కూర్మన్నపాలెంలో అది ఓడినవాడి శిక్ష. పిడికిలితో తన గోళీని నెట్టుకుంటూ గుంట దాకా తీసుకెళ్లాలి, దారి పొడుగునా గెలిచినవాళ్లు ఆ కణుపుల మీదికే గురిచూసి కొడుతుంటారు. చర్మం లేచిన కణుపులతో స్కూలుకి వెళ్తే మాస్టారు అడగకుండానే అర్థం చేసుకునేవారు. ఇక్కడ ఆటగాళ్లంతా మర్యాదగా, మొదటి నుంచే ఆ శిక్షలో కూర్చుంటున్నారు.

బావ బొటనవేలితో కొట్టాడు. టాలీ బద్ధకంగా వెళ్లి గుత్తికి ఆనుకుని కూర్చుంది. కిందికి ఒక్కటీ దొర్లలేదు. పైగా టాలీ తిన్నె మీదే ఉండిపోతే ప్రమాదం. అవతలివాళ్లు దాన్ని కొట్టి బయటికి తోస్తే ఆ మనిషి ఆటలోంచి అవుట్. రెండో ఇంగ్లీషాయన ఆ పనే చేశాడు. ఖండాంతరాల ఆటగాడు మా బావ ఒక్క దెబ్బకి ప్రేక్షకుడైపోయాడు.

"తొండి" అన్నాడు తెలుగులో. ఎవరూ పట్టించుకోలేదు. తొండి అనగానే నలుగురు మీదపడి వాదించని ఆట అదే మొదటిసారి చూశాం. మా దగ్గర ఆట సగం, తగువు సగం. ఇక్కడ తగువంతా రెఫరీ ఒక్కడే మోస్తున్నాడు, అదీ చప్పుడు చెయ్యకుండా.

నా వంతు కోసం చూస్తుంటే పెద్దాయన పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఎక్కణ్ణుంచి అని అడిగాడు. వైజాగ్ పక్కన ఉక్కు కర్మాగారం గుమ్మంలో ఊరని చెప్పాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. అంతకుముందు శనివారమే, ఏప్రిల్ 12న, వాళ్ల పార్లమెంటు సెలవులు మానుకుని సమావేశమై స్కంథార్ప్ ఉక్కు కర్మాగారాన్ని ప్రభుత్వ అజమాయిషీలోకి తెచ్చే చట్టం చేసింది. చైనా యాజమాన్యం బ్లాస్ట్ ఫర్నేసులు ఆర్పేస్తుందేమోనన్న భయం. అక్కడి ఫర్నేసులకు రాణుల పేర్లు పెట్టుకున్నారట, బెస్ అనీ ఆన్ అనీ. మావి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అన్నాను. ఆయనకు ఆ పేర్లు నచ్చాయి. మాది ప్రభుత్వం చేతిలోనే ఉందనీ, అమ్మేస్తామని 2021లో అన్నారనీ, ఆ ఫిబ్రవరిలో మా జంక్షన్‌లోనే కార్మికులు దీక్షా శిబిరం వేశారనీ చెప్పాను. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చిందని కూడా చెప్పాను. "అయితే అమ్మరా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. "మీవాళ్లు ఒక్క శనివారంలో తేల్చేశారు కదా" అన్నాను. "ఫర్నేసు ఆరిపోతే మళ్లీ వెలిగించడం కష్టమని మావాళ్లకి శుక్రవారం తెలిసింది" అన్నాడాయన.

బెస్ అంటే మొదటి ఎలిజబెత్ రాణికి ముద్దుపేరు. ఈ ఊరి గోళీల కథ కూడా ఆవిడ కాలానిదే. 1588లో ఒక పాలు పితికే పిల్ల కోసం సర్రే కుర్రాడూ ససెక్స్ కుర్రాడూ పోటీపడ్డారనీ, విలువిద్యల్లాంటి ఆటలన్నీ ఆడినా తేలక చివరికి గోళీలతో తేల్చుకున్నారనీ చెప్పుకుంటారు. చరిత్ర అనలేం గానీ పబ్బు దగ్గర చెప్పుకోడానికి దివ్యమైన కథ. ఆ పిల్లనెవరైనా అడిగారా అని మా నర్సమ్మ అడిగింది. అంకుల్ గడ్డం సవరించుకున్నాడు.

తర్వాత వంతు ఆ అమ్మాయిదే. చేతులు రెండూ రుద్దుకుని చంకల్లో పెట్టుకుని వెచ్చబరచుకుంది. కోటు చెయ్యి పైకి మడిచింది. పిడికిలి దించింది. అప్పటిదాకా మేమంతా గుత్తినే కొడుతున్నాం. ఆవిడ గుత్తి జోలికి పోలేదు. విడిపోయి అంచున ఒంటరిగా ఉన్నవాటిని ఏరుకుంది. ఒకటి దొర్లించడం, టాలీ ఇంకోదాని దగ్గర ఆగేటట్టు చూసుకోవడం, మళ్లీ కొట్టడం. సూది గుచ్చేటప్పుడు ఎలా చూస్తుందో అలాగే చూస్తోంది. అయిదో గోళీ పడ్డాక అవతలి జట్టు మాటలు ఆపేసింది. ఆరోది అంచు మీద ఊగి, పడనా మాననా అని, పడలేదు.

నేను సోడా గోళీతో రెండు కొట్టాను. అంకుల్ ఒకటి. గాజువాక కుర్రాడి టాలీ పబ్బు గోడకి తగిలి జనం కాళ్లలో పోయింది, వెతుకుతూ ఆటే చూడలేదు. ఎనిమిది దగ్గర మేముండగానే వాళ్లు 25 పూర్తిచేశారు. అందరూ చేతులు కలిపారు. రాలిన గోళీలన్నీ డబ్బాలోకి వెళ్లాయి, తిన్నె చదును చేశారు, ఇంకో రెండు జట్లు వచ్చి ముక్కులు వంచాయి.

బావ డబ్బా వైపే చూస్తున్నాడు. "కొట్టినవి మనకివ్వరేటి?"

"ఇవ్వరు."

"మరేటికి కొట్టినట్టు?"

పెద్దాయన ఇటే వచ్చాడు. నువ్వు మొదట రెండు చేతులతో ఏదో చెయ్యబోయావు, అది చూపించమన్నాడు. బావకి కావలసింది అదే. కంచె వారన గడ్డి లేని చోటు చూసి మడమతో గుంట తవ్వాడు. అడుగులు కొలిచి గీత గీశాడు. పెద్దాయన చేత నడివేలు వంచించాడు. ఆ వేలు వంగనని మొరాయించింది, గోళీ ఆయన బూటు మీదే పడింది. నాలుగైదు సార్లయ్యాక కొంచెం దూరం వెళ్లింది.

"పందెం?" అన్నాడు బావ.

"అంటే?"

"మీ గోళీ. తగిలితే నాది."

పెద్దాయన చేతిలో టాలీని ఒకసారి చూసుకుని జేబులో వేసుకున్నాడు. ఇంకో జేబులోంచి వేరేది, నీలం చారలది, తీసి నేల మీద పెట్టాడు. బావ కూర్చున్నాడు. బొటనవేలు మట్టిలో నాటాడు. నడివేలు వెనక్కి ఒంగింది. గోళీ గాల్లో లేచి వెళ్లి నీలందాని నెత్తిన టప్పున పడింది. బావ వెళ్లి రెండూ ఏరుకుని కోటు జేబులో వేసుకున్నాడు.

పెద్దాయన చెయ్యి చాపి నిలబడ్డాడు.

"ఇచ్చేయన్నయ్యా, పాపం" అంది నర్సమ్మ.

"ఎందుకిస్తాను? కొట్టాను కదా" అన్నాడు బావ. నేను ఆ ముక్కని ఇంగ్లీషులో, వీలైనంత మెత్తగా చెప్పాను.

అక్కడ తిన్నె దగ్గరనుంచి వాళ్ల జట్టువాడు పెద్దాయన్ని కేకేస్తున్నాడు, తర్వాతి ఆట మొదలవుతోందట. ఆయన అటు తిరిగి ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. జేబులోంచి ఇంకో గోళీ తీసి మా గుంట పక్కన పెట్టాడు.

"మళ్లీ వెయ్యి. గీత దాటుతున్నావేమో నేను చూస్తాను" అన్నాడు.